రాజుగారి ఉల్లిమడి

ఒకానొకప్పుడు కుందవరమనే రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గానీ, దాన్నేలే రణభీమదేవుడి గొప్పలు మాత్రం పొలిమేరలు దాటిపోయేవి. తన ఆజ్ఞ లేనిదే అక్కడ ఆకైనా కదలదని ఆయన నమ్మకం.

ఒకనాడు విందుకొచ్చిన మామగారు పులుసులో గుండుగా వేసిన చిట్టి ఉల్లిపాయలను తెగ మెచ్చుకున్నాడు.

"ఇవేం చూశారు! ఈసారి మీరొచ్చేసరికి నా చేతులతో పండించినవి వడ్డిస్తాను" అన్నాడు రాజు.

అన్నంత పనీ చేశాడు. పెరట్లో మడి కట్టించి, ఒక్కొక్క పాయనూ మొన పైకి కనబడేలా స్వయంగా నాటాడు. ఒక్క పాయ నాటితే దాని చుట్టూ గుత్తెడు పాయలు ఊరతాయని తోటమాలి ఓబులేసు చెప్పాడు. ఇక రాజుగారి ఉత్సాహానికి పగ్గాల్లేవు.

మర్నాడు పొద్దున్నే ఒక పాయ పీకి చూశాడు. గుత్తి లేదు. మళ్లీ పాతేశాడు. అది మొదలు రోజూ మడంతా అదే పని. పీకడం, అడుగు చూడడం, తిరిగి పాతడం. వద్దని చెప్పడానికి ఓబులేసుకు నోరు రాలేదు. రాజుగారి చెయ్యి పట్టుకుని ఆపేదెవరు? పాపం, వేళ్లూనక మొలకలన్నీ వాడిపోయాయి.

రాజు మండిపడ్డాడు. "ఓరీ! నీ కాపుదల ఇంత సొగసుగా ఉందా? రేపు పొద్దెక్కేలోగా పెళ్లాం పిల్లలతో తోటలో ఇల్లు ఖాళీ చెయ్!"

అది ఓబులేసు తాత కట్టుకున్న ఇల్లు. అతను ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టు దగ్గరికి పరుగెత్తి జరిగిందంతా చెప్పాడు.

"మూటలు కట్టకు. రాజుగారిని భోంచేసి పడుకోనీ" అన్నాడు చెన్నుభట్టు.

ఆ మధ్యాహ్నం రాజు పాన్పు మీద వాలాడు. చెన్నుభట్టు పక్కన చేరి వింజామర వీచాడు. రాజు కళ్లు మూతపడ్డాయి.

"ప్రభూ, నిద్ర పట్టిందా?"

"ఇంకా లేదయ్యా."

కాసేపటికి వంగి, వేలితో రెప్ప ఎత్తి చూశాడు. "ఇప్పుడో ప్రభూ?"

"పడుతోంది, ఊరుకో!"

గురక మొదలైందో లేదో, భుజం పట్టి కుదిపాడు. "ఎంతవరకు వచ్చింది ప్రభూ?"

రాజు దిగ్గున లేచి కూర్చున్నాడు. "మతి పోయిందా నీకు? ఇలా కుదిపి కుదిపి చూస్తుంటే నిద్రెలా పడుతుంది?"

"తప్పంతా ఈ పక్క వేసిన దాసిది ప్రభూ. రేపు పొద్దెక్కేలోగా దాన్ని వెళ్లగొడదాం."

"కుదిపింది నువ్వు! మధ్యలో ఆ పిల్ల ఏం చేసింది?"

"ఓబులేసు కూడా ఇదే అడగాలనుకున్నాడు ప్రభూ. భయపడ్డాడు."

రాజు తన గోళ్లలో ఇంకా మిగిలిన మడి మట్టిని చూసుకున్నాడు. కాసేపటికి నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, ఓబులేసును పిలిపించి, "ఇల్లు నీదేరా. మళ్లీ నాటుదాం. ఈసారి నువ్వు పిలిచేదాకా మడి వైపు రాను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆకులు పండి నేలకు వాలాక ఓబులేసు కబురు పెట్టాడు. రాజు మడి దగ్గర కూర్చుని, చెయ్యి చాపి, ఆగాడు.

"పీకనా ఓబులేసూ?"

"ఇప్పుడు పీకండి ఏలికా."

గుత్తెడు పాయలు పైకొచ్చాయి. మళ్లీ విందుకొచ్చిన మామగారు పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. రాజు చెన్నుభట్టు చేతికి బంగారు కంకణం తొడిగి, ఒక్క ఆజ్ఞ మాత్రం ఇచ్చాడు: తాను పడుకున్న వేళ అతను ఆ ఛాయలకు రాకూడదని.