మెచ్చకముందే మెచ్చుగింజ

అనగనగా, సారచెట్లు విరగకాసే ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక పూటకూళ్ళ ఇల్లు ఉండేది. దాని యజమాని గుబురయ్య అనే ఎలుగుబంటి. వంట అతనిది. వడ్డన పొన్నమ్మ అనే ఉడుతది. ఎవరికి పప్పు పలచగా కావాలో, ఎవరికి పులుసులో కారం తగ్గాలో పొన్నమ్మ అడక్కుండానే గుర్తుపెట్టుకునేది.

తినడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే గుబురయ్యకి నాలుగు దుంపలు ఇచ్చేవారు. గుబురయ్య ప్రతి పున్నమికీ పొన్నమ్మకి బుట్టెడు సారగింజలు జీతం ఇచ్చేవాడు. ఇది కాక అక్కడ ఇంకో ఆనవాయితీ ఉండేది. వడ్డన నచ్చినవాళ్ళు తిన్న ఆకు మడిచి, దాని కింద ఒక సారగింజ పెట్టేవారు. దాన్ని మెచ్చుగింజ అనేవారు. నచ్చకపోతే పెట్టరు. అంతే, గొడవేం లేదు.

గొడవంతా పొన్నమ్మ మనసులోనే! వానాకాలం ముంచుకొస్తోంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వానలు మొదలయ్యేలోగా చెట్టుతొర్ర గింజలతో నిండాలి. లేకపోతే పిల్లలకి పస్తులే. అందుకని పొన్నమ్మకి కాలు నిలిచేది కాదు. ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను మడిచిన ఆకుల మీద. పాపం, ఇలాగైతే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది చెప్పండి?

ఒకరోజు నెమలి వచ్చింది. "ఆహా, ఏం పులుసమ్మా!" అని పదిసార్లు పొగిడింది. పొన్నమ్మ పరుగున వెళ్ళి ఆకు ఎత్తి చూసింది. ఏమీ లేదు.

తర్వాత కుందేళ్ళు వచ్చాయి. ఒకరా ఇద్దరా, పదకొండుమంది! తిన్నంత తిని, చల్లినంత చల్లి పోయాయి. పదకొండు ఆకులూ ఎత్తి చూసింది. ఏమీ లేదు.

ఆఖరికి తాబేలు వచ్చింది. నాలుగుసార్లు అన్నం పెట్టించుకుంది. లేచి గుమ్మం దాటడానికే అరపూట పట్టింది. ఆకు కింద ఏమీ లేదు.

పొన్నమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"మామా, వీళ్ళ ఇష్టానికి వదిలేస్తే నా పిల్లలు బతకరు. మెచ్చుగింజ కూడా దుంపలతో పాటే గుమ్మం దగ్గర వసూలు చెయ్యి" అంది.

గుబురయ్య గరిటె ఆపి ఆలోచించాడు. "అలాగే లేవే. ఒకటెందుకు, రెండేసి తీసుకుందాం. అవన్నీ నీకే" అన్నాడు.

పొన్నమ్మ తోక ఆనందంతో ఎగిరిపడింది. అంత ఉదారంగా ఎందుకన్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మర్నాటి నుంచి లోపలికి వచ్చేటప్పుడే రెండు గింజలు ఇవ్వాలి. తొర్ర చకచకా నిండసాగింది. అయినా పొన్నమ్మ కంగారు తగ్గలేదు. వడ్డన మధ్యలో ఇంటికి పరుగెత్తి గింజలు ఎంతవరకు వచ్చాయో చూసుకునేది. వడ్డన సంగతి? ఎలా వడ్డించినా రెండు గింజలు వస్తాయిగా! నీళ్ళు అడిగినవాళ్ళకి పులుసు పోసేది. పులుసు అడిగినవాళ్ళని వినిపించుకునేదే కాదు.

ఒకరోజు ముళ్ళవ్వ భోజనానికి వచ్చింది. ముళ్ళవ్వ అంటే ముసలి ఏదుపంది. పళ్ళు లేవు, మెత్తగా కలిపిన అన్నమే తినగలదు. మెచ్చుగింజ పెట్టకుండా ఏనాడూ లేవలేదు.

"అమ్మాయ్, కాస్త పప్పు" అంది ముళ్ళవ్వ. పొన్నమ్మ ఆకాశం చూస్తోంది.

"అమ్మాయ్, కాస్త పప్పు వెయ్యవే." పొన్నమ్మ ఇంటికి పరుగెత్తింది.

"అమ్మాయ్!" ఈసారి తిరిగి వచ్చిన పొన్నమ్మ ఆకులో ఎండిపోయిన అన్నపు గడ్డలు పడేసి పోబోయింది.

ముళ్ళవ్వ ఆకు పక్కకి జరిపి లేచింది. "నేనింకా మెచ్చుకోనే లేదు, మెచ్చుగింజలు ఎట్లా తీసుకున్నారే? అది నీకు నేను మనసారా ఇచ్చుకునేది. దాన్ని కూడా లాక్కున్నారు" అని ఆకలితోనే వెళ్ళిపోయింది.

ఆ మాట పొన్నమ్మ గుండెలో గుచ్చుకుంది. కానీ పున్నమి దగ్గర పడింది, జీతం వస్తే తొర్ర నిండిపోతుంది, ఆ తర్వాత అందరినీ బాగా చూసుకోవచ్చులే అనుకుంది.

పున్నమి వచ్చింది. పొన్నమ్మ బుట్ట పట్టుకుని వెళ్ళింది.

"జీతమా?" అన్నాడు గుబురయ్య. "వచ్చినవాళ్ళే ఇస్తున్నారుగా, ఇంకా నేనెందుకివ్వాలి?"

పొన్నమ్మ చేతిలో బుట్ట జారిపడింది. తొర్రలో ఇంకా జానెడు ఖాళీ. బయట మబ్బులు కమ్ముకుంటున్నాయి. వడ్డన నచ్చక ఒక్కొక్కరే మానేసి, రోజూ వచ్చే ముప్ఫైమందిలో ఐదుగురే మిగిలారు. ఆకలితో వెళ్ళిన ముళ్ళవ్వ ముఖం కళ్ళముందు మెదిలింది. తను చేసిన పనికి పొన్నమ్మకి సిగ్గేసింది.

అప్పటికప్పుడు ముళ్ళవ్వ గుహకి పరుగెత్తింది. రెండు గింజలు ఆమె ముందు పెట్టింది.

"అవ్వా, ఇవి నావి కావు. నా పిల్లల భయంలో పడి నీ ఆకలి చూడలేదు. తప్పయిపోయింది" అంది.

"మరి నీ జీతం?" అంది ముళ్ళవ్వ.

పొన్నమ్మ జరిగిందంతా చెప్పింది. ముళ్ళవ్వ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఆ ముసలామె దారిలో కనిపించినవాళ్ళనల్లా వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకి వచ్చింది.

"గుబురయ్యా, ఈమె పనికి జీతం ఇవ్వాల్సింది నువ్వు. మా చేత ఇప్పించి నీ బుట్ట మిగుల్చుకుంటావా? జీతం ఇచ్చి, గుమ్మం దగ్గర వసూలు ఆపితే రేపటి నుంచి వస్తాం. లేదంటే నీ వంట నువ్వే తిను!"

గుబురయ్య చల్లారిపోయిన అన్నపు కుండల వైపు చూశాడు. గొణుక్కుంటూనే బుట్టెడు గింజలు కొలిచి ఇచ్చాడు. పొన్నమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఇక మెచ్చుగింజ ఎవరినీ అడగం" అని అందరికీ వినపడేలా చెప్పింది.

మర్నాడు మళ్ళీ ముప్ఫైమంది వచ్చారు. ముళ్ళవ్వకి పొన్నమ్మ పప్పన్నం మెత్తగా పిసికి పెట్టింది. నీళ్ళు పోసింది. కొసరి కొసరి వడ్డించింది. తిన్నాక ఆకు తీస్తుంటే కింద ఒక గింజ కనిపించింది.

సాయంత్రం తొలి వాన మొదలైంది. పొన్నమ్మ ఆ గింజ పట్టుకుని తొర్రలోకి దూరింది.

"అమ్మా, అది కూడా దాచేద్దామా?" అంది చిన్నపిల్ల.

"వద్దమ్మా, ఇది ఒకరు మెచ్చుకుని ఇచ్చింది. ఇప్పుడే తినేద్దాం" అంది పొన్నమ్మ.

నలుగురూ ఆ ఒక్క గింజనీ పంచుకుని తిన్నారు. చాలా రోజుల తర్వాత ఆ పూట పొన్నమ్మ ఆకాశం వైపు చూడలేదు.

నీతి: చేసిన పనికి జీతం అడిగి తీసుకోవాలి, ఎదుటివారి మెప్పును మాత్రం అడిగి లాక్కోకూడదు.