మూడో సర్వర్ గడియారం

జోగారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా వెంటనే నోరు విప్పేవారు కారు. అడిగినవాళ్ల మొహంలోకి కాసేపు చూసి, మఫ్లర్ చెవులకి చుట్టుకుని, "పద, ముందు పని చూద్దాం" అనేవారట. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉండేది. దొరకనివాళ్లు మర్నాడు మళ్లీ వచ్చి అడిగేవారు.

ఆయన కంప్యూటర్ల మాస్టారు. విశాఖపట్నంలో, సముద్రపు హోరు వినపడేంత దూరంలో ఉన్న ఒక పెద్ద రక్తనిధిలో ఆయన కొలువు. చుట్టుపక్కల జిల్లాల్లో ఏ ఆసుపత్రికి ఏ గ్రూపు రక్తం కావలసివచ్చినా అక్కడి కంప్యూటరునే అడగాలి. ఏ బ్యాగ్ ఎక్కడుందో, ఎవరికి ఇవ్వాలో అదే చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ భారమంతా ఒకే ఒక్క పాత సర్వర్ మోసింది. అది ముసలిదైపోయి మాటిమాటికీ సొమ్మసిల్లుతుంటే, మూడు కొత్త సర్వర్లు తెప్పించారు; మూడోది కాస్త ఆలస్యంగా వచ్చింది. మూడింటినీ జట్టు కట్టించి, బయటివాళ్లకి ఒక్కటిగా కనపడేట్టు చేసే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. దాన్ని వాటిలోకి ఎక్కించాలి. మర్నాడు పొద్దున్నే పాతదాన్ని ఆపేస్తారు.

ఆ పని మాస్టారి శిష్యురాలు నూకరత్నానికి అప్పగించారు. ఆమె కింద ఇద్దరు: ముత్యాలరావు, పరమేశు. ముత్యాలు మొదటినుంచీ ఉన్నవాడు. పరమేశు ఈమధ్యనే పాడేరు వైపునుంచి వచ్చాడు. ఏ మాటకైనా అందరూ నవ్వి ఊరుకున్నాక నవ్వేవాడు. పని ఒకలా చేయాలని రత్నమూ ముత్యాలూ అనుకుంటే, అతను ఇంకా పాత పద్ధతిలోనే చేస్తూ కనపడేవాడు. ఆ మధ్యాహ్నం రత్నం మాస్టారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, పరమేశుని వెనక్కి పంపించేస్తానని పై ఆఫీసుకి చెప్పాను. సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేసుకుంటారు. నేనూ ముత్యాలూ చాలమా? వెనకబడేవాణ్ణి లాక్కుంటూ పోవడంకన్నా ఇద్దరం హాయిగా పోవడం మంచిది కదండీ?"

పంపించేస్తే అతనికి వెనక ఇంకో కుర్చీ లేదని, ఉద్యోగమే పోతుందని ఇద్దరికీ తెలుసు.

మాస్టారు మఫ్లర్ చుట్టుకున్నారు. "పద, ముందు పని చూద్దాం."

సర్వర్లున్న హాలు బయట చెప్పులు విడిచారు. బయట ఎండ మండిపోతున్నా లోపల మాఘమాసపు చలి. చీకటిగా ఉన్న ఆ గదిలో పచ్చటి దీపాలు వెలుగుతూ ఆరుతూ, వరిచేల మీద మిణుగురులు వాలినట్టుంటుంది. గాలి మరల రొద శంఖం చెవి దగ్గర పెట్టుకున్నట్టు వినపడుతుంది. రత్నానికి అక్కడ అడుగుపెట్టినప్పుడల్లా, ఎవరో పెద్దవాళ్లు నిద్రపోతుంటే మధ్యలో నడుస్తున్నట్టు ఉండేదట. తెలియకుండానే గొంతు తగ్గించేది.

ఆ సాఫ్ట్‌వేరు ఎక్కించడం చూడ్డానికి ముచ్చటైన పని. మొదటి సర్వర్ ముందు కూర్చుంటే చాలు, తెర మీద బొమ్మల కిటికీలు ఒకటి తరవాత ఒకటి తెరుచుకుంటాయి. జట్టులో ఎవరెవరని అడుగుతుంది. పేర్లు చెప్పి "నెక్స్ట్" నొక్కితే, తనే మిగతా సర్వర్ల తలుపు తట్టి, సామానంతా అక్కడికి మోసుకుపోతుంది. పోయేముందు మాత్రం అందరినీ ఒకసారి పరీక్ష చేస్తుంది. రత్నం మూడు పేర్లూ చెప్పింది. వరసగా పచ్చ టిక్కులు పడుతూ వచ్చాయి. ఒకచోట ఎర్రగా ఆగింది: మూడో సర్వర్ గడియారం మిగతావాటికన్నా వెనకబడి ఉంది.

"ఇది కూడానా" అని రత్నం నిట్టూర్చింది. ఒక కిటికీ వెనక్కి వెళ్లి, మూడో పేరు మీద వేలు పెట్టి, "రిమూవ్" నొక్కేసింది. "రెండు చాలు మాస్టారూ. కావాలంటే దాన్ని తరవాత చూసుకోవచ్చు."

మాస్టారు చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డారు.

అడ్డేమీ రాలేదు. నీలం గీత నిండుతూ పోయింది. చివర కిటికీ ఆగి, ఒక్కొక్క సర్వర్ దగ్గరికీ నువ్వే వెళ్లి, అధికారిగా లోపలికి ప్రవేశించి, ఈ ఆజ్ఞ ఇచ్చి రా, అంతవరకూ ఇక్కడే ఉంటాను అంది. రత్నం రెంటి దగ్గరికీ వెళ్లి వచ్చింది. పని పూర్తయిందని తెర చెప్పింది. ఆమె మాస్టారి వైపు తిరిగి నవ్వింది.

మాస్టారు తలుపు తీసి, వరండాలోకి చూసి, "పరమేశూ, ఒకసారి ఇలా రా నాయనా" అని పిలిచారు. అతను వచ్చి చలికి భుజాలు ముడుచుకున్నాడు. "నువ్వు రెండో దాని ముందు కూర్చో. నువ్వు నర్సీపట్నం ఆసుపత్రివి అనుకో. రత్నం పాలకొండ ఆసుపత్రి. ఇద్దరికీ ఓ నెగెటివ్ కావాలి. పరీక్షకని రాసిపెట్టిన బ్యాగ్ అందులో ఒక్కటే ఉంది."

వాళ్లు కూర్చోగానే ఆయన వంగి, రెండు సర్వర్లూ ఒకదాని ఊసు ఒకటి తెలుసుకునే తీగ ఊడబీకేశారు.

రత్నం అడిగింది. క్షణంలో జవాబు వచ్చింది: బ్యాగ్ పాలకొండకి ఇచ్చాను. "వచ్చిందండీ. తీగ పోయినా పనిచేస్తోంది చూశారా" అంటూ ఆమె లేవబోయింది.

"ఉండు" అన్నారు మాస్టారు. "పరమేశూ?"

పరమేశు తెర మీది అంకెలు ఒక్కొక్కటే చదువుకుంటున్నాడు. ఎప్పటిలాగే ఆలస్యంగా తలెత్తాడు.

"నాకు నర్సీపట్నానికి ఇచ్చానంటందండి. బ్యాగ్ నంబరు మేడం గారిదే."

హాల్లో గాలి మరలు తిరుగుతూనే ఉన్నాయి. రత్నం లేచి వెళ్లి అతని తెర చూసింది. మళ్లీ వచ్చి తనది చూసుకుంది. పాలకొండలో ఒక పిల్ల, నర్సీపట్నంలో ఒక తల్లి, ఇద్దరి మంచాల పక్కనా ఎవరో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నట్టు ఆమె కళ్లకి కట్టింది. ఉన్నది ఒక్క బ్యాగ్.

"అవతలిది చచ్చిపోయిందనుకుంది మాస్టారూ, ఇదీ అదీ కూడా" అంది మెల్లిగా. "నేనొక్కదాన్నే మిగిలానని, అంతా నాదేనని..."

"రెండూ పాపం మంచివే" అన్నారు మాస్టారు. "నువ్వు పొరబడ్డావేమో చూసుకో అనడానికే ఎవరూ లేకపోయారు."

కాసేపటికి రత్నం మూడో సర్వర్ ముందుకి వెళ్లింది. అదీ తక్కినవాటిలాగే పచ్చ దీపాలు వెలిగించుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది. మిగతా రెండూ ఆఫీసుకంతటికీ టైం చెప్పే పెద్ద గడియారాన్ని చూసుకుంటూ ఉంటాయి. దీనికి ఆ దారి ఎవరూ చూపించలేదు. తనతో తెచ్చుకున్న టైంనే పట్టుకుని ఇన్నాళ్లూ ఒంటరిగా నడుస్తోంది.

"ఇది తరవాత వచ్చింది కదమ్మా. కలపడం మరిచిపోయినట్టున్నారు" అన్నారు మాస్టారు.

"నేనే" అంది రత్నం. పెద్ద గడియారం దారి చూపిస్తూ ఒక్క వరస రాసింది. గడియారం ఉలిక్కిపడ్డట్టు కదిలి, తక్కినవాటితో అడుగు కలిపింది.

ఎక్కించినదంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మూడు పేర్లూ పచ్చగా వచ్చాయి. ఆజ్ఞ ఇవ్వడానికి రత్నం మూడింటి దగ్గరికీ నడిచింది. మూడోదాని దగ్గర ఆగి, జ్వరం చూసినట్టు దాని నుదుటి రేకు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగానే ఉందట.

మాస్టారు మళ్లీ రెండోదాని తీగ ఊడబీకారు. ఇద్దరూ మళ్లీ అడిగారు. మొదటిది ఈసారి వెంటనే జవాబు చెప్పలేదు. మూడోదాన్ని అడుగుతున్నట్టుంది. తరవాత బ్యాగ్ పాలకొండకి ఇచ్చింది. పరమేశు ముందున్న రెండోది చాలాసేపు చెవి ఒగ్గి కూర్చుంది. ఎవరి మాటా వినపడకపోయేసరికి, తన దీపాలు తనే ఆర్పుకుని పక్కకి తప్పుకుంది. తీగ తిరిగి పెట్టగానే మళ్లీ వెలిగి, లేనప్పుడు ఏం జరిగిందో తక్కినవాటిని అడిగి తెలుసుకుంది. రత్నం రెప్ప వెయ్యకుండా చూసింది. అంత మర్యాద ఆ ఇనప పెట్టెలకి ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంది.

బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. వరండా చివర ముత్యాలు టీ తాగుతూ, "రత్నం గారూ, రేపటినుంచి షిఫ్టులు ఎలాగో మనం అనుకుందామా?" అని కేకేశాడు. పరమేశు వాళ్లని దాటుకుని, గోడవార తన కుర్చీ దగ్గరికి పోయి కూర్చున్నాడు. అతన్ని టీకి ఎవరూ పిలవలేదు. రోజూ పిలవరని రత్నానికి అప్పుడు తట్టింది. వీళ్లు అనుకునేవన్నీ టీ దగ్గరే అనుకుంటారనీ తట్టింది.

చేతిలో ఫోన్ మోగింది. పై ఆఫీసు.

"ఒక్క నిమిషం ఉండండి సార్" అని రత్నం ఫోన్ అరచేత్తో మూసింది. "మాస్టారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

మాస్టారు మఫ్లర్ విప్పి మడతపెట్టుకుంటూ, కాలితో చెప్పు వెతుక్కుంటూ అన్నారట:

"ఆ గడియారం సరిచేయడానికి నీకు ఎంతసేపు పట్టిందమ్మా?"