సుంకన్న చూపించిన ఏనుగు

అనగా అనగా ఎప్పుడో, మన తాతలకి తాతలు కూడా పుట్టనప్పుడు, హేమగిరి అనే రాజధాని ఉండేది. కొండ మీద కోట, కోటలో నగరం. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవాళ్ళు. గుర్రాల మీద వచ్చేవాళ్ళు, బండ్ల మీద వచ్చేవాళ్ళు, సద్దిమూట కట్టుకుని నడిచి వచ్చేవాళ్ళు. అక్కడ మూడు వింతలుండేవి. ఒకటి సింహద్వారం. రెండోది మెట్లబావి. మూడోది కొలువు మంటపం ముందున్న రాతి ఏనుగు.

కొండ కింద సుంకన్న అనే మోతగాడుండేవాడు. ముసలివాళ్ళని, నడవలేనివాళ్ళని వీపున మోసుకుపోయి, మూడు వింతలూ చూపించి, మళ్ళీ కిందికి దించేవాడు. అదే వాడి బతుకు. ఎవరొచ్చినా వంగి ఒకటే మాట అనేవాడు.

"వీపు నాది, చూపు మీది. ఎక్కండి."

ఒకనాడు కాళమ్మ అనే అవ్వ కర్రతో దారి తడుముకుంటూ వచ్చింది. సుంకన్న అలవాటు కొద్దీ వంగి ఆ మాటే అన్నాడు.

"చూపు పోయింది నాయనా. చెయ్యి ఉంది," అంది అవ్వ.

ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, నాగోజు. శిల్పి. హేమగిరి కడుతున్నారంటే ఉలి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. రాయి జారి మీద పడి ఇక్కడే పోయాడు. ఊరికి కబురు చేరింది గాని మనిషి చేరలేదు. వాడేం చెక్కాడో చెప్పినవాళ్ళు లేరు. తన ఊపిరి ఉండగా వాడి చేతిపని ఒక్కసారి తడిమి పోదామని ఆవిడ వచ్చింది.

"అది నీ కొడుకు పనేనని ఎట్లా తెలుస్తుందవ్వా?" అని అడిగాడు సుంకన్న.

"పసివాడప్పుడు బంకమట్టితో బొమ్మలు చేసేవాడు. ఏ జంతువుని చేసినా కింది పెదవి కింద బొటనవేలితో ఒక నొక్కు నొక్కేవాడు. నొక్కితేనే నవ్వుతుందమ్మా, అనేవాడు."

సుంకన్న అవ్వని వీపుకెత్తుకున్నాడు. సింహద్వారం దగ్గర ఆగాడు. అవ్వ అక్కడి రాతి సింహం మూతి తడిమింది. "కాదు, మా వాడిది కాదు. పోదాం పద," అంది. మెట్లబావిలోకి దిగారు. గోడ మీద గుర్రాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదాన్నీ తడిమింది. "కాదు, మా వాడిది కాదు. పోదాం పద," అంది.

ఇక మిగిలింది ఏనుగు. అక్కడ సుంకన్న కాళ్ళు ఆగాయి. చేతుల జిడ్డుకి రాయి నల్లబడుతుందని ఆ ఏనుగుని ముట్టుకోవద్దని రాజు ఆజ్ఞ. ముట్టుకుంటే మూడు కొరడా దెబ్బలు. ఆ సంగతి అవ్వకి చెప్పాడు.

అవ్వ వాడి భుజం తట్టింది. "అయితే దించు నాయనా. నా మూలాన నీకు దెబ్బలెందుకు," అంది.

సుంకన్న దించలేదు. "ఏనుగు ఎత్తయిందవ్వా. నువ్వు నా వీపు మీద ఉంటేనే అందుతుంది," అని నేరుగా నడిచాడు.

అవ్వ తొండం తడిమింది. దంతం తడిమింది. పెదవి కిందికి చెయ్యి పోనిచ్చింది. బొటనవేలు ఒకచోట దిగి ఆగిపోయింది. సరిగ్గా వేలు పట్టేంత నొక్కు.

"ఇక్కడున్నావా నాయనా," అంది. ఆ రాతికి చెంప ఆనించుకుంది.

కావలివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. సుంకన్న కదల్లేదు. "తెచ్చింది నేను, దెబ్బలు నావి. ఆవిడ చెయ్యి తీసేదాకా ఆగండి," అన్నాడు. ఏమనుకున్నారో, వాళ్ళు ఆగారు. అవ్వ తనంతట తాను చెయ్యి తీశాక, సుంకన్న ఆవిడని కిందికి దించాడు. అప్పుడు వాడి వీపు మీద మూడు దెబ్బలు కొట్టారు.

నడిచి దిగుతానంది అవ్వ. సుంకన్న ఒప్పుకోలేదు. వీపు పనికిరాకపోతేనేం, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని కొండ దించాడు. దారి పొడుగునా జనం పక్కకి తప్పుకుని, ఆ చారల వీపుని చూశారు, జరిగిందంతా తెలుసుకున్నారు.

మర్నాడు ఒక గొర్రెల కాపరి కొండెక్కి ఏనుగు పెదవి కింద వేలు పెట్టి, కొట్టండని వీపు చూపించాడు. వాడి వెనక ఒక కొత్త పెళ్ళికూతురు నిలబడింది. ఆమె వెనక ఒక గాజులమ్మే ముసలాయన. వాళ్ళ వెనక సింహద్వారం దాకా జనం. కావలివాళ్ళు వాళ్ళనీ చూశారు, కొరడానీ చూశారు. కొరడా చుట్టి గోడకి తగిలించేశారు. ఆజ్ఞ రద్దయిందని ఎవరూ చాటింపు వెయ్యలేదు. దాన్ని మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

సుంకన్న చాలాకాలం బతికాడు, చాలామందిని మోశాడు, పోయాడు. రాజులూ పోయారు. సింహద్వారం కూలింది. బావి పూడింది. ఏనుగు మాత్రం నిలిచింది. ఒళ్ళంతా నల్లబడింది గాని, పెదవి కింద ఆ నొక్కు అద్దంలా మెరుస్తుంది.

ఇప్పటికీ హేమగిరి చూడటానికి పోయినవాళ్ళు, తమతో వచ్చిన పెద్దవాళ్ళని ముందు ఎత్తుకుని, వాళ్ళ వేలు అందులో పెట్టించి, తరవాతే తాము ముట్టుకుంటారు. కట్టించిందెవరని అక్కడివాళ్ళని అడిగితే, ఎవరో రాజంటారు. చెక్కింది నాగోజు అంటారు. మనకి చూపించింది మాత్రం సుంకన్న అంటారు.