పెరిగే చెయ్యి

చిన్న నేతగాళ్ల బట్టని కూడా పరదేశాలవాళ్లు నమ్మి కొనాలని పూర్వం ఒక రాజుగారు రేవులో ముద్రశాల పెట్టించారు. పది మూరలున్న తానుకి ముద్ర వేస్తారు, ముద్ర ఉంటేనే అది ఓడెక్కుతుంది. తొలి అధికారి తన చేత్తోనే మూరలు కొలిచేవాడు. ఆయన పోయాక వచ్చిన వల్లభయ్య, ముద్రశాల లోపలి చీకటిగదిలో ఇంకా ఆ చెయ్యే కొలుస్తోందని పుకారు పుట్టించాడు. తానుని పట్టుకుని లోపలికెళ్లి, వచ్చి, "జానెడు తక్కువట" అనేవాడు. తలుపు సందులోంచి చల్లటి గాలి తగిలేది. నేతగాళ్లు హడలిపోయి మెట్లు దిగిపోయేవారు. తిరగ్గొట్టిన తానుల్ని వల్లభయ్య బావమరిది సగం ధరకి కొనేవాడు.

పైడితల్లి అనే నేతగత్తె మాత్రం అమ్మలేదు. నెలకో జానెడు పెంచి నేసింది. మూడు నెలలూ వల్లభయ్య జానెడు తక్కువే అన్నాడు.

ఆమె సరుకు కోసం వచ్చిన పరదేశపు ఓడ సరంగు ఎదుటే, వల్లభయ్య ముందు మూడు తానులూ పరిచింది.

"అయ్యగారూ, బట్ట పెరిగినా చాలట్లేదంటే పెద్దాయన చెయ్యి పెరుగుతోందండి. ఏదో ఒకనాటికి గుమ్మం దాటుతుంది. తమరి కుర్చీ గుమ్మం పక్కనే కదండీ."

"పెరిగే కొలతకి వేసిన ముద్రని మావాళ్లెలా నమ్ముతారు?" అన్నాడు సరంగు.

చెయ్యి పెరగట్లేదంటే తన అబద్ధం బయటపడుతుంది. వల్లభయ్య పైడితల్లి వైపు తిరిగాడు. "ఏం చెయ్యమంటావు?"

"పెరగని మూర ఒకటి రేవు మెట్ల మీద రాతిలో చెక్కించండి. అందరం దాంతోనే కొలుచుకుంటాం."

చెక్కించక తప్పలేదు. పైడితల్లి తానులు ఓడెక్కాయి.

గదిలో ఎవరూ లేరని అందరికంటే బాగా తెలిసినవాడు వల్లభయ్యే. అయినా గదికి తాళం వేయించి, రోజూ కుర్చీని ఇంకో జానెడు అవతలికి జరుపుకునేవాడు.