సూది సున్నా దగ్గరే ఉంది

దేవుడు తెలివి పంచిన రోజున గంప తమ ఇంటి ముందే దించాడని గౌరినాయుడి నమ్మకం. ఆ గంప అడుగున మిగిలింది కూడా ఊడ్చుకున్నది తానేనని అతని తమ్ముడు తవిటినాయుడి నమ్మకం. ఆఖరివాడు చిన్నంనాయుడు అన్నలిద్దరినీ నమ్మేవాడు. అదీ వాడి తెలివి.

ముగ్గురికీ కలిపి ఒకటే మోటారు సైకిలు. దాని మీటరుకి ఏదో జబ్బు చేసింది. చదును రోడ్డు మీద దీపాలన్నీ ఆరిపోయి సూది సున్నా దగ్గర పడుకుంటుంది. గతుకొస్తే చాలు, టక్కున వెలుగుతుంది. కాసేపటికి మళ్లీ ఆరిపోతుంది.

అలాంటి రోజుల్లో చిన్నంనాయుడికి పెళ్లిచూపులు కుదిరాయి. పిల్ల పేరు పైడితల్లి. పక్క ఊళ్లో బళ్లు బాగుచేసే అప్పలస్వామి మేస్త్రీ కూతురు, తండ్రి షెడ్డులో తనూ స్క్రూడ్రైవరు పట్టి పనిచేస్తుంది. ఆమెను సంతలో ఒకసారి చూసినప్పటి నుంచి మనవాడికి అన్నం సహించడం లేదు. ఇదివరకు రెండు సంబంధాలు వేళకి వెళ్లకే పోగొట్టుకున్నాడు, ఇదీ పోతే తన బతుకింతే అని బెంగపడ్డాడు. మేస్త్రీ ఫోనులో చెప్పినవి రెండే మాటలు. పదిన్నరకి వర్జ్యం, ఈలోగా రావాలి. బండి కూడా చూస్తాడు గానీ మీటరు ఆరి ఉన్నప్పుడే తేవాలి, వెలుగుతుంటే జబ్బు దొరకదు.

శుక్రవారం పొద్దున్నే మీటరు ఆరి ఉండటం చూసుకుని ముగ్గురూ బయల్దేరారు. ఊరి చివర స్పీడు బ్రేకరు ఎక్కారో లేదో, మీటరు వెలిగింది. ఇంకేముంది, గౌరినాయుడు బండి ఆపించాడు.

“మేస్త్రీ ఏటన్నాడు? ఆరినప్పుడు తెమ్మన్నాడు. ఇది ఎలిగిపోనాది. ఎనక్కి తిప్పు.”

ఇంటికి చేరేసరికి ఆరింది. మళ్లీ బయల్దేరారు, మళ్లీ వెలిగింది, మళ్లీ ఇంటికొచ్చారు. మూడోసారికి చిన్నంనాయుడికి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తవిటినాయుడి బుర్ర పాదరసంలా పనిచేసింది. ముగ్గురూ దిగి, నిద్రపోతున్న చంటిబిడ్డను ఎత్తినట్టు బండిని ఎత్తుకుని బ్రేకరు దాటించారు. మీటరు లేవలేదు. ఎందుకైనా మంచిదని ఆ తర్వాత చదునుగా ఉన్న రోడ్డు మీద కూడా అర కోసు మోశారు.

రొప్పుతూ బండెక్కి, తవిటినాయుడు నడుపుతుంటే సర్రున పోతున్నారు. వెనకనున్న గౌరినాయుడు తొంగిచూశాడు. సూది సున్నా దగ్గరే ఉంది. అంటే బండి కదలడం లేదన్నమాట. చెట్లు వెనక్కి పోతున్నాయి కదన్నా అని చిన్నంనాయుడు నసిగాడు.

“సెట్లు ఎటెల్తే మనకేటి? మీటరు సూడు.”

ఊరికే కూర్చోవడం దేనికి, కాళ్లు చాచుకుందామని పెద్దాయన దిగాడు. అంతే, దమ్ముచేసిన మడిలో నిలువునా తేలాడు.

మొత్తానికి వర్జ్యానికి రెండు నిమిషాల ముందు షెడ్డులో వాలారు. పైడితల్లి హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టి తడిమింది. వైర్లు కలిసే ప్లగ్గు ఒకటి వదులైంది. టిక్కుమనేదాకా నొక్కింది, మీటరు వెలిగింది, ఇక ఆరలేదు. బురద అన్ననూ చెమట తమ్ముళ్లనూ చూసి, సంగతంతా విని, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. మా నాన్న మాట ఇంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానంది. చిన్నంనాయుడి ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

పెళ్లిరోజు వచ్చింది. పదకొండింటికి ముహూర్తం. పదిన్నరైనా మగపెళ్లివారి జాడ లేదు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. పైడితల్లి నుదుట బాసికంతోనే, నడుముకి స్క్రూడ్రైవరు దోపుకుని, షెడ్డులోని బండొకటి తీసుకుని మగపెళ్లివారింటికి వచ్చిపడింది. చూస్తే ఏముంది, ముగ్గురన్నదమ్ములూ బండి చుట్టూ గొంతుక్కూర్చుని ఉన్నారు. పెళ్లికొడుకు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

“ఎంతసేపు సూసినా మీటరు ఆర్నేదు, పైడితల్లీ.”

ఆమె నుదురు కొట్టుకుని, ప్లగ్గు పీకేసింది. మీటరు ఆరింది. అన్నదమ్ముల ముఖాలు వెలిగాయి. పెళ్లికొడుకుని వెనక ఎక్కించుకుని, మీటరు ఆరిన ఆ బండే తోలింది.

బండి పొలాల మధ్య దూసుకుపోతోంది. చిన్నంనాయుడు ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. సూది సున్నా దగ్గరే ఉంది. అయ్యో, ముహూర్తం దాటిపోతుంటే బండి ఇంకా కదలనే లేదే అనుకున్నాడు. పాపం, ఆడపిల్ల ఒక్కతే అవస్థ పడుతోంది, కాస్త తోసిపెడదామని దిగాడు.