కడుపును మచ్చిక చేసుకున్న మువ్వ

అనగనగా, అడవి అంచున, వరి మళ్ళ పక్కన ఒక పెద్ద మడుగు ఉండేది పిల్లలూ. ఏటా చలికాలం రాగానే ఆ మడుగు నిండా బాతులు దిగేవి. మామూలు బాతులు కావు! తల మీద రెండేసి నల్ల గీతలున్న బాతులు. మంచుకొండలు దాటి వచ్చే బాతులు. ఎండలు ముదిరే లోపు మళ్ళీ ఆ కొండలు దాటి వెళ్ళిపోయే బాతులు.

ఆ గుంపులో మువ్వ అనే చిన్న బాతు ఉండేది. ఆ చలికాలమంతా మువ్వకి జబ్బు. ఇప్పుడు జబ్బు తగ్గింది. దాంతో పాటు ఒళ్ళూ తగ్గింది. ఈకలు పీకేస్తే ఇక మిగిలేది ముక్కే అన్నట్టు ఉండేది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, అమ్మ రెక్క చాటుకి పరిగెత్తేది.

ఒకరోజు గుంపుకి పెద్దైన గగనయ్య తాత అందరినీ పిలిచాడు.

"ఎండలొచ్చేస్తున్నాయి. పున్నమి మర్నాడు మన ప్రయాణం. కొండల మీద గడ్డిపరక కూడా మొలవదు. ఇక్కడ ఒంటికి పట్టించుకున్న కొవ్వే అక్కడ మనకు అన్నం. ఏదీ, అందరూ ఒకసారి తెప్ప ఎక్కండి, చూద్దాం!"

తెప్ప అంటే మరేం లేదు, ఎండిపోయిన తుంగ చుట్ట. మడుగు ఒడ్డున తేలుతూ ఉండేది. బాతు దాని మీద నిలబడితే తెప్ప మునిగి నీళ్ళు పాదాల మీదికి రావాలి. వచ్చిందా, కొండ దాటే సత్తువ ఉన్నట్టే!

ముందుగా టముకు ఎక్కాడు. వాడు మువ్వ బాబాయి కొడుకు. వాడు అరిస్తే అవతలి గట్టు దాకా వినపడేది, అందుకే ఆ పేరు. బుడుంగ్! తెప్ప మునిగింది. "చూశారా నా బలం!" అని టముకు అరిచాడు. తర్వాత పిన్నులు, మామయ్యలు, అమ్మ, అందరూ ఎక్కారు. బుడుంగ్, బుడుంగ్, బుడుంగ్!

ఆఖరున మువ్వ ఎక్కింది. తెప్ప కదల్లేదు. మువ్వ ఎగిరి దూకింది. అయినా కదల్లేదు. ఒక తూనీగ వచ్చి మువ్వ పక్కన వాలింది. అప్పుడూ కదల్లేదు!

నవ్వబోయిన వాళ్ళు కూడా మువ్వ మొహం చూసి ఆగిపోయారు.

"తాతా, నన్ను వదిలేసి పోతారా?" అంది మువ్వ.

గగనయ్య తాత మెడ వంచాడు. "పున్నమికి ఇంకా టైముంది తల్లీ. ఈలోపు తెప్ప మునిగితే నువ్వు మాతోనే. మునగకపోతే నిన్ను తీసుకెళ్ళి దారిలో పోగొట్టుకోలేను."

"అది ఆగితే నేనూ ఆగిపోతాను," అంది అమ్మ.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఎండాకాలంలో ఆ మడుగు అడుగంటుతుంది. నీళ్ళుంటేనే బాతులకి రక్ష. నీళ్ళు ఇంకిపోతే అడవిలోంచి నక్కలు నడుచుకుంటూ వచ్చేస్తాయి. అమ్మకి ఆ సంగతి తెలుసు. తెలిసే అంది.

మువ్వ తెప్ప మీంచి దూకేసింది. "లేదమ్మా! నేను తింటాను! ఇవాళే తినేస్తాను! తెప్పని అడుక్కి తొక్కేస్తాను, చూడు!" అంటూ వరి మళ్ళలోకి పరుగెత్తింది.

కోత అయిపోయిన మళ్ళలో గింజలు రాలి ఉన్నాయి. మువ్వ తల ఎత్తకుండా తింది. గొంతు దాకా తింది. కడుపు "చాలు" అంది. మువ్వ వినలేదు. పైగా బరువు పెరగాలని మడుగులోకి వెళ్ళి గటగటా నీళ్ళు తాగింది. ఎండు గింజలు, పైన నీళ్ళు! ఇంకేముంది? లోపల గింజలు ఉబ్బాయి. మువ్వ కళ్ళు తిరిగాయి. కడుపులో దేవింది. భళ్ళున అంతా కక్కేసింది.

మర్నాడు మువ్వ గూడబాతు సంచయ్య దగ్గరికి వెళ్ళింది. సంచయ్య గొంతు కింద ఇంత పెద్ద సంచి ఉండేది. చేపల్ని నమలకుండా గుటుక్కున మింగడంలో ఆయన ఘనుడు.

"ఇందులో ఏముంది అమ్మాయ్!" అన్నాడు సంచయ్య. "కళ్ళు మూసుకో. నోరు తెరువు. రుచి చూడకు. మింగు!"

మువ్వ వేరుశనగ చేలోకి వెళ్ళింది. తవ్వగా మిగిలిన కాయలు ఏరింది. కళ్ళు మూసుకుని గుటుక్కు, గుటుక్కు, గుటుక్కుమని మింగింది. కాసేపటికి కడుపు రాయిలా బిగిసింది. సాయంత్రానికి మళ్ళీ కక్కేసింది.

మూడో రోజు అమ్మ లేత మినపకాయలు ముక్కున కరుచుకుని తెచ్చింది. "నీకోసం వెతికి వెతికి తెచ్చానే," అంది. మువ్వకి ఆ వాసన తగిలిందో లేదో, గొంతులోకి వికారం ఎగదన్నింది.

"వద్దమ్మా! తిండి చూస్తేనే తిప్పుతోంది. అటు తీసెయ్!"

అమ్మ మినపకాయలు పక్కన పెట్టింది. అటు తిరిగి ఈకలు సర్దుకుంటున్నట్టు నటించింది. అమ్మ ఏడుస్తోందని మువ్వకి తెలిసిపోయింది. అక్కడ ఉండలేక మువ్వ నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ పోయింది.

మడుగు అవతలి ఒడ్డున, బురదలో నల్లమ్మ అనే గేదె పడుకుని ఉంది. కళ్ళు సగం మూసుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. మువ్వ వెళ్ళి ఆవిడ వీపు మీద కూలబడింది.

"ఎవరే అది? ఈగ వాలిందేమో అనుకున్నా," అంది నల్లమ్మ.

అంతే! మువ్వ భోరున ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పేసింది. నల్లమ్మ నెమరు ఆపకుండా విన్నది.

"నువ్వెలా ఇంత లావయ్యావు అత్తా?" అని అడిగింది మువ్వ.

"నేనా? పొద్దున ఏదో కాస్త మేస్తాను. పడుకుంటాను. నెమరేస్తాను. లేచి మళ్ళీ కాస్త మేస్తాను. ఇది నా పద్ధతి. నీది నాలాంటి కడుపు కాదుగా! నీది చిన్న ముంత. ముంతలో కడివెడు పోస్తే ఏమవుతుంది?"

"పొర్లిపోతుంది."

"మరి ముంత తప్పా, పోసినవాళ్ళ తప్పా?"

మువ్వ తల వంచి తన పొట్ట వైపు చూసుకుంది.

"పిచ్చి పిల్లా," అంది నల్లమ్మ మెత్తగా. "రెండు రోజులుగా నువ్వు నీ కడుపుతో పోట్లాడుతున్నావు. దాన్ని బెదరగొట్టావు. ఇప్పుడు తిండి అంటేనే అది జడుసుకుంటోంది. బెదిరిన దూడని ఏం చేస్తారు? కర్ర పట్టుకుని తరుముతారా? మచ్చిక చేసుకుంటారు. నువ్వూ అంతే. ఇదిగో, నా కొమ్ము పక్కన గరిక ఉంది చూడు. దాని లేత చిగుళ్ళు రెండే రెండు తిను. మూడోది ముట్టుకున్నావో, చూసుకో!"

మువ్వ భయం భయంగా ఒక చిగురు తుంచింది. చల్లగా, తియ్యగా ఉంది. నెమ్మదిగా నలిపి మింగింది. ఇంకొకటి తుంచింది. ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. వికారం వస్తుందా? వచ్చేస్తుందా? రాలేదు!

"అత్తా! రాలేదు!"

"అరవకు, అది మళ్ళీ జడుసుకుంటుంది. వెళ్ళి గట్టు మీద కాస్త తిరిగి రా. తర్వాత ఇంకో రెండు."

ఆ సాయంత్రం మువ్వ ఎగురుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చింది. "అమ్మా, తిన్నానే! కక్కలేదే!" అమ్మ మువ్వ మెడకి మెడ చుట్టేసింది.

ఆ రోజు నుంచి మువ్వ పద్ధతే మారిపోయింది. సూర్యుడు లేవగానే కొన్ని గరిక చిగుళ్ళు. మంచు ఆరాక నీళ్ళలో నానిన వరి గింజలు కాసిని. తిన్న వెంటనే నీళ్ళు గటగటా తాగడం మానేసింది. కాస్త ఆగి, గుక్కెడు తాగేది. గట్టు మీద అమ్మతో కబుర్లు చెబుతూ నడిచేది. మళ్ళీ కొంచెం తినేది. కడుపు "చాలు" అనగానే ముక్కు ఎత్తేసేది. కడుపు నెమ్మదించాక మినుములు మొదలుపెట్టింది. ఆ తర్వాత వేరుశనగ పప్పులు, ఒక్కొక్కటే, బాగా నలిపి. చిన్న ముంతే! కానీ రోజంతా నిండుతూనే ఉండేది.

ఇక సాయంత్రం అయ్యిందంటే మడుగు ఒడ్డున సందడే సందడి! మువ్వ తెప్ప ఎక్కేది. గుంపంతా చుట్టూ చేరేది.

"ఊగింది! తెప్ప ఊగింది!" అని ఒకరోజు టముకు అరిచాడు.

"దిగింది! ఇవాళ వేలెడు దిగింది!" అని ఇంకోరోజు పిన్నులు అరిచారు.

సంచయ్య కూడా సంచి ఊపుకుంటూ చూడ్డానికి వచ్చేవాడు. "నా సలహా వల్లేగా!" అనేవాడు. మువ్వ నవ్వి ఊరుకునేది.

చూస్తుండగానే పున్నమి వచ్చేసింది. ఆ రోజు పొద్దున తెప్ప ఎక్కితే నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగాయి. ఇంక వెంట్రుకవాసే తేడా!

సరిగ్గా అప్పుడే టముకు రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చాడు. "పండగ! పండగ! బండి మీంచి వేరుశనగ బస్తా జారిపడింది! దారంతా పప్పులే! రండి, రండి!"

గుంపంతా గుప్పున లేచింది. అబ్బ, ఎన్ని పప్పులు! ఎర్రగా, నూనె ఓడుతూ, కమ్మటి వాసన! బాతులు ఎగబడి తిన్నాయి. మువ్వ కూడా తింది. ఎంత రుచిగా ఉన్నాయో! కాసిని తినేసరికి లోపలి నుంచి "చాలు" అని వినపడింది. మువ్వ ముక్కు ఎత్తింది.

"అదేంటి చెల్లీ, ఆగిపోయావు?" అన్నాడు టముకు నోటి నిండా పప్పులతో. "వెంట్రుకవాసేగా తక్కువ! ఇవాళ పొట్ట పగిలేలా తిన్నావంటే రేపు పొద్దున తెప్ప బుడుంగ్! తర్వాత కక్కుకుంటే కక్కుకో!"

అమ్మ కూడా ఆశగా చూసింది. "ఇంకొన్ని తినవే నా తల్లి. ఒక్క పూటే కదా. రేపు మునగకపోతే..." మాట పూర్తి చేయలేకపోయింది.

మువ్వ అమ్మ వైపు చూసింది. ఎదురుగా పప్పుల కుప్ప. రేపే పరీక్ష. తినకపోతే తెప్ప మునగకపోవచ్చు. తను ఆగిపోతే అమ్మా ఆగిపోతుంది. తింటే? మళ్ళీ కడుపు బెదిరితే? కొండ మీద, గాలిలో, కడుపులో తిప్పితే?

మువ్వ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మా, నా కడుపు ఇప్పుడిప్పుడే నన్ను నమ్ముతోంది. దాన్ని మోసం చెయ్యలేనే," అంది. అని, వెనక్కి తిరిగి గట్టు వైపు నడిచింది. ఒక్కో అడుగూ బరువుగా పడింది. కానీ ఆగలేదు.

తెల్లారింది. గగనయ్య తాత తెప్ప దగ్గర నిలబడ్డాడు. మువ్వ ఎక్కింది. తెప్ప దిగింది... ఇంకా దిగింది... నీళ్ళు మువ్వ పాదాల అంచుని తాకి, ఆగిపోయాయి. పైకి రాలేదు.

అమ్మ వచ్చి మువ్వ పక్కన నిలబడింది. "మీరు బయలుదేరండి తాతా," అంది.

గగనయ్య తాత రెక్కలు విప్పి గుంపుని పిలిచాడు. "లేవండి, ప్రయాణం!"

గుంపు లేవలేదు. తాత వెనక్కి తిరిగి చూశాడు. ఏముంది చూడ్డానికి? ఒకడు మూలుగుతున్నాడు. ఒకావిడ కక్కుకుంటోంది. టముకు అయితే వెల్లకిలా పడి, "అమ్మో, పప్పులు! నా దగ్గర పప్పుల మాటెత్తకండి!" అంటున్నాడు. ఆ గొంతు పక్కనున్న వాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు!

గగనయ్య తాత తల పట్టుకున్నాడు. "వీళ్ళతో ఇవాళ గట్టు కూడా దాటలేం. ఆగాల్సిందే."

మువ్వ అప్పటికే పరుగు తీసింది. లేత గరిక చిగుళ్ళు తెంపుకొచ్చింది. టముకు ముందు రెండే పెట్టింది.

"వద్దు చెల్లీ, చచ్చిపోతాను!"

"చావవు అన్నయ్యా. ఇప్పుడే కాదు, కాస్త తేరుకున్నాక తిను. నెమ్మదిగా. తర్వాత నాతో నడువు. కడుపుని తిట్టకు, అది మంచిదే."

అలా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. వాళ్ళని నడిపించింది. వాళ్ళతో పాటు తనూ తింది, ఎప్పటిలాగే కొంచెం కొంచెం. గుంపు తేరుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. అందరూ చిక్కిపోయారు. మువ్వ ఒక్కతే నున్నగా, గుండ్రంగా మెరిసిపోతోంది!

అందరూ మళ్ళీ సత్తువ పుంజుకుని ఒక్కొక్కరే తెప్పని ముంచిన రోజు పొద్దున, ఆఖరున మువ్వ ఎక్కింది.

బుడుంగ్!

నీళ్ళు పాదాల మీదికి కాదు, మోకాళ్ళ దాకా వచ్చేశాయి! గుంపంతా ఒక్కసారిగా అరిచింది. టముకు గొంతు మళ్ళీ అవతలి గట్టు దాకా మోగింది. అవతల బురదలోంచి నల్లమ్మ "అంబా!" అంది.

అంతే! రెక్కలన్నీ ఒక్కసారి లేచాయి. మడుగు, మళ్ళు, అడవి, అన్నీ కిందకి జారిపోయాయి. నదులు దాటారు. మైదానాలు దాటారు. ఎదురుగా మంచుకొండలు! గాలి ఈకల్ని కోస్తోంది. ఊపిరి గడ్డకడుతోంది. మువ్వకి రెక్కలు నొప్పెట్టాయి, భయమేసింది కూడా. కానీ లోపల వెచ్చగా, నిబ్బరంగా ఉంది. రోజూ తిన్న ప్రతి గింజా ఇప్పుడు ఒక్కో రెక్క ఊపుగా మారుతోంది. అలసిపోయిన అమ్మ వెనకబడితే, మువ్వ ముందుకి వచ్చి గాలికి అడ్డంగా ఎగిరింది. అమ్మ ఆ చాటున ఎగిరింది.

కొండ దాటారు! అవతల పచ్చిక మధ్య నీలంగా ఒక సరస్సు మెరిసింది. ఒక్కొక్కరే సొమ్మసిల్లినట్టు నీళ్ళ మీద వాలారు. అమ్మ గాభరాగా చుట్టూ చూసింది. "మువ్వా! బాగానే ఉన్నావా? కళ్ళు తిరుగుతున్నాయా? వికారంగా ఉందా?"

మువ్వ రెక్కలు దులుపుకుంది. ఒడ్డున ఉన్న పచ్చగడ్డి వైపు చూసింది.

"అమ్మా," అంది, "నాకు ఆకలేస్తోందే!"

నీతి: కడుపును బలవంతపెడితే ఎదురు తిరుగుతుంది; అది చాలన్నప్పుడు ఆగి, అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా పెడితే, అదే మనల్ని కొండలు దాటిస్తుంది.