మెరకతల్లి నోము: కలశము కదిలిన కథ

మూటలు దించుకొని, కుండలు నీడన పెట్టి, పశువులను మేతకు వదలి, అక్షతలు చేత పట్టుకొని వినుడు. ఇది ఇంటిలో కూర్చుండి చెప్పుకొను కథ కాదు. మెరక ఎక్కి వచ్చినవారు మెరక మీద వినవలసిన కథ.

పూర్వము ఉప్పుటేరు సముద్రమున కలియుచోట సైకతుడను మహర్షి పర్ణశాల కట్టుకొని తపము చేయుచుండెను. ఒకనాడు ఆయనను చూచుటకు వింధ్యపర్వతము నుండి గిరివాసుడను ముని వచ్చెను. ఇరువురును కుశలప్రశ్నలు కావించుకొని కూర్చుండగా, ఎదుటనున్న ఇసుకమొగ అను గ్రామము నుండి జనులందరు బయలుదేరిరి. ఆడవారి తలల మీద నిండుకుండలు, మగవారి భుజముల మీద మూటలు ఉండెను. ముసలివారిని కావడులలోను, పసివారిని చంకలలోను ఎత్తుకొనిరి. పశువులు ముందు నడచెను. మబ్బు లేదు, గాలి లేదు, ఎండ మాడిపోవుచున్నది. వారందరు అల్లంత దూరమున నున్న ఇసుకతిన్నె ఎక్కి, అటుకులు బెల్లము తిని, ప్రొద్దు వాలకముందే దిగి ఎవరి ఇంటికి వారు పోయిరి.

గిరివాసుడు ఆశ్చర్యపడి, "మహర్షీ, మా వైపు జనులు కట్టెలకో తేనెకో కొండెక్కుదురు. వీరు ఇల్లూ వాకిలీ విడిచి ఎక్కి, తిన్నది అరగకముందే దిగిపోయిరి. ఇది పిచ్చియా, వ్రతమా?" అని అడిగెను. సైకతుడు నవ్వి, "ఓ మునీ, తుపాను రానంతవరకు ఇది పిచ్చివలెనే కనబడును. దీనిని మెరకతల్లి నోము అందురు. దీని పుట్టుకయు, దీనిని చెరచుకొని చెడి మరల బాగుపడినవారి కథయు చెప్పెదను, వినుము" అని చెప్పసాగెను.

పూర్వమొకప్పుడు ఇసుకమొగకు తలనెరిసిన ముసలిది ఒకతె నెత్తిన గంపతో వచ్చెను. గంప దించుకొనుటకు చోటడిగెను. పెద్దయింటివారు తమ అరుగు చూపగా, పల్లమనెను. మరియొకరు గుడి మెట్లు చూపగా, అదియు పల్లమే అనెను. ఊరివారు విసిగి, నీకు నచ్చినచోటనే దించుకొమ్మనిరి. ఆమె చరచర నడిచి తిన్నె ఎక్కి అక్కడ గంప దించెను. పెద్దదానికి ఇంత అన్నము పెట్టుదమని జాలిపడి కొందరు వెంట వెళ్లిరి. వారు తిన్నె మీద నుండగనే గాలి లేచి, సముద్రము పొంగి ఊరి మీద పడెను. వెళ్లినవారు మిగిలిరి, వెళ్లనివారు మిగలలేదు.

అప్పుడా ముసలిది మెరకతల్లియై నిలిచి ఇట్లు ఆనతిచ్చెను. "నేను దిగి రాను, మీరే ఎక్కి రావలెను. ఏటేట ఆశ్వయుజ బహుళ షష్ఠినాడు ఇంటిల్లిపాది కాలినడకన రండు. ఎవరి మూట వారే కట్టి, ఎవరి మూట వారే మోయవలెను. మూటలో మూడు దినములకు అటుకులు, బెల్లము, చెకుముకిరాయి, పొడిబట్ట ఉండవలెను. నాకు కలశము మట్టికుండయే. మోయగలిగినంత పెద్ద కుండ నిండ మంచినీరు తెండు. బయలుదేరునప్పుడు పశువుల పలుపులు విప్పుడు. ఆనాటి నుండి మార్గశిరము వెళ్లువరకు వానిని జారుముడితోనే కట్టుడు." ఇట్లు చెప్పి అంతర్ధానమయ్యెను. ఊరివారు అట్లే చేయుచు సుఖముగా నుండిరి.

కొన్ని తరములు గడచెను. ఇసుకమొగలో పేరంటాలమ్మ అను ఇల్లాలు ఉండెను. వంద కొబ్బరిచెట్లు, పది పాడిపశువులు, ఊరంతటికి ఒక్కటే పెంకుటిల్లు ఆమెవి. ఆమె నోములలో దిట్ట. ఎవరింట ఏ పూజ జరిగినను, తమలపాకు తొడిమ ఏ దిక్కునకు ఉండవలెనో ఆమె వచ్చి చెప్పవలసినదే. ఒక యేడు నోమునాడు ఎండ మెండుగా కాచెను. పట్టుచీర కట్టుకొని, నెత్తిన కుండ పెట్టుకొని, కాలుచున్న ఇసుకలో నడచుట ఆమెకు నామోషీ అనిపించెను. భక్తి ముఖ్యము గాని నడక ముఖ్యమా అని తనకు తానే నచ్చజెప్పుకొనెను.

పై యేడు పది బండ్ల ఇసుక తోలించి, పెరటిలోనే నడుమెత్తు మెరక పోయించెను. దానిపై పందిరి వేయించి, ముగ్గులు పెట్టించి, మామిడి తోరణము కట్టించెను. మట్టికుండ మోటుగా నున్నదని అరచేతిలో ఇమిడెడు వెండిచెంబును కలశముగా నిలిపెను. అటుకులకు మారుగా పట్టుచీరలు, వెండిగిన్నెలు మూటగట్టి, తల్లికి ఇదియే శోభ అనెను. పలుపులు విప్పుటకు మారుగా వాని ముడులకు పసుపుతోరములు చుట్టించెను. బూరెలు, పులిహోర వండి వడ్డించగా, వచ్చిన పేరంటాండ్రు నోమంటే ఇదీ అని మెచ్చుకొనిరి. యథా రాజా తథా ప్రజా. మరుసటి యేడు ఊరిలో ప్రతి పెరటిలోను ఒక మెరక లేచెను. ఓపిక లేనివారు చేటెడు ఇసుకతోనే సరిపెట్టుకొనిరి.

ఉప్పుమడులలో పనిచేయు నాగులు అను ఆమెకు మాత్రము పెరడు లేదు, బండి లేదు, వెండి అసలే లేదు. అందుచేత ఆమె పెనిమిటితోను ఇద్దరు కూతుళ్లతోను కుండలెత్తుకొని, ఉప్పుమడుల గట్టు వెంట పాత పద్ధతిలోనే తిన్నె ఎక్కివచ్చుచుండెను. పాపం, లేనివాళ్లు అని ఊరివారు జాలిపడిరి. ఇట్లు ఏడేండ్లు గడచెను. ఊరి నుండి తిన్నెకు పోవు పెద్దదారి మొగలిపొదలతో మూసుకొనిపోయెను.

ఎనిమిదవ యేట షష్ఠినాడు సూర్యుడు ఎర్రగా ఉదయించెను. సముద్రపు హోరు మారెను. కొంగలు గుంపులు గుంపులుగా మెట్టసీమకు ఎగిరిపోయెను. పేరంటాలమ్మ భర్తయు కుమారుడును కొబ్బరికాయల పడవతో ఎగువకు పోయి యుండిరి. ఇంటిలో ఆమెయు, కోడలు అచ్చాయమ్మయు ఉండిరి. పెరటి మెరకపై కలశము నిలిపి పూజ ముగించునప్పటికి ఈశాన్యపు గాలి లేచెను. నాగులు నెత్తిన కుండతో వచ్చి దడి అవతల నిలిచెను.

"అమ్మగోరూ, ఈశాన్నం మూలంతా నల్లగా కమ్ముకొచ్చేత్తందండి. పీతలు గోడలెక్కుతున్నాయండి. పదండమ్మా, తిన్నెక్కేద్దాం."

"మా తిన్నె మా పెరట్లోనే ఉందే నాగులూ. నువ్వెళ్లు."

"మీరు కదిల్తేనే ఊరు కదులుద్దండి" అని నాగులు ప్రాధేయపడెను. అది నిజము. ఊరివారందరు తమ తమ గుమ్మములలో నిలిచి పెద్దయింటి వైపే చూచుచుండిరి. ఆమె కదలలేదు, కనుక వారును కదలలేదు. నాగులు చేయునది లేక తనవారితో తిన్నెకు పోయెను.

అచ్చాయమ్మ అత్తగారి కాళ్లు పట్టుకొని రమ్మని వేడుకొనెను. పేరంటాలమ్మ ఒప్పుకొనలేదు. "పెట్టిన కలశాన్ని రేపు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. కలశం కదలందే నేను గడప దాటను. పడుచుదానివి, నువ్వెళ్లవే" అనెను. ఆ కడపటి మాట మొండితనముతో అనలేదు, కోడలు బ్రతుకవలెననియే అనెను. అచ్చాయమ్మ మాత్రము, "మిమ్మల్నొదిలేసి వెళ్లి మావయ్యగారికి ఏం చెప్పమంటారు?" అని అక్కడనే నిలిచిపోయెను.

మధ్యాహ్నమునకు వాన కుండపోతగా కురిసెను. ఏటినీరు దడి దాటి పెరటిలోనికి వచ్చెను. పది బండ్ల మెరక నీటిలో వేసిన బెల్లపుముక్క వలె కరగసాగెను. కలశము ఒరిగెను. అది పడిపోకుండ పేరంటాలమ్మ రెండు చేతులతో పట్టుకొని మోకాటిలోతు నీటిలో నిలుచుండెను. ఆమెకు ఏడుపు వచ్చుచుండెను గాని చేతులు తీయలేదు.

అచ్చాయమ్మ కొట్టములోనికి పరుగెత్తెను. తోరములు చుట్టిన ముడులు నాని బిగిసి ఎంతకును రాలేదు. కొడవలితో పలుపులన్నియు కోసి పశువులను వదలెను. పిదప పెరటిలోనికి వచ్చి, అత్తగారి చేతులలోని కలశమును లాగుకొని తన నెత్తిన పెట్టుకొనెను. "అమ్మవారు తిన్నెక్కుతానంటోంది అత్తయ్యా. ఉద్వాసన అక్కడే చెబుదురు గాని" అని వెనుదిరిగి చూడక నడిచెను.

"ఓసి అప్రాచ్యురాలా! ఉద్వాసన చెప్పని కలశాన్ని ముట్టుకుంటావుటే! ఆగవే!" అని పేరంటాలమ్మ వెంటబడెను. కలశమును కంటికి దూరము కానీయరాదు గనుక గడప దాటెను. వీధి దాటెను. కోడలి పుట్టింటివారినందరిని పేరుపేరున తిట్టుచు ఊరు దాటెను. గుమ్మములలోని జనులకు ఆ గాలిలో తిట్లు వినబడలేదు. ముందు కలశము, వెనుక పేరంటాలమ్మ పోవుట మాత్రము కనబడెను. పెద్దయింటి అమ్మగారు కదిలెనని తలచి, చేతికందిన నోముమూటలు తీసికొని, ముసలివారిని పిల్లలను ఎత్తుకొని అందరును వెంట నడచిరి.

నేల అంతయు నీరైయుండెను. దారి ఎటో ఎవరికిని తెలియలేదు. ఏడేండ్ల క్రిందట పడుచుదనములో ఏటేట తిన్నెకు నడిచిన బొల్లావు ఒకటి ఆ మందలో ఉండెను. అది అటు ఇటు చూడక మొగలిపొదల నడుమ నుండి తిన్నగా నడిచెను. దాని తోక పట్టుకొన్నట్లు ఊరంతయు తిన్నె ఎక్కెను. చివరివాడు ఎక్కిన కొంతసేపటికి సముద్రము ఊరి మీదికి వచ్చెను. తన పెంకుటిల్లు కప్పుతో సహా మునుగుట చూచి పేరంటాలమ్మ తిట్టుట మానెను. కోడలి చేయి పట్టుకొని, ఆ చేయి మరి విడువలేదు.

మరునాడు వాన వెలిసి ఎండ కాచెను. నలుదిక్కుల నీరే, గొంతు తడుపుకొన చుక్క లేదు. మూటలు విప్పగా పట్టుచీరలు, గిన్నెలు బయటపడెను. పసివారు దాహమని ఏడ్చిరి. పేరంటాలమ్మ వెండికలశములోని నీటిని ఉద్ధరిణెతో తీర్థము వలె ఒక్కొక్కరి నోట పోసెను. వరుస సగము కాకముందే చెంబు అడుగంటెను. ఆమె ఉద్ధరిణె చేత పట్టుకొని, మిగిలిన పిల్లల మొగములు చూడలేక తల వంచుకొనెను.

అప్పుడు నాగులు తన నాలుగు కుండలు తెచ్చి అందరి నడుమ పెట్టెను. అటుకులమూట విప్పి చారెడు చారెడు పంచెను. పెద్దయింటివారు తన కుండలోని నీరు త్రాగుదురో లేదోనని సందేహించి పేరంటాలమ్మ ఎదుట నిలిచిపోయెను. పేరంటాలమ్మ దోసిలి పట్టెను. త్రాగి, "ఇంత పెద్ద కుండ మోయాలని నీకెవరు చెప్పారే?" అని అడిగెను.

"మా అత్త చెప్పిందండి. ఆవిడికి మీ అత్తగోరు చెప్పారంటండి."

పేరంటాలమ్మ వెక్కి వెక్కి ఏడ్చెను. ఆ అలసటలో కన్ను మూతపడగా గంప నెత్తిన పెట్టుకొన్న ముసలిది కనబడి, "కలశము కదిలినదని నాకు కోపము లేదు. ఏడేండ్లు కదలలేదనియే కోపము" అని పలికెను. పేరంటాలమ్మ మేలుకొని, కోడలిచేతనే ఉద్వాసన చెప్పించెను.

మూడవనాడు నాగులు చెకుముకితో నిప్పు రాజేసెను. ఎగువ నుండి పడవలో వచ్చుచున్న తండ్రీకొడుకులు మునిగిన ఊరిని చూచి ఆశ వదలుకొనిరి. అంతలో తిన్నె మీద పొగ కనబడగా పడవలోనే కూలబడి ఏడ్చిరి. నీరు తీసిన పిదప చూడగా ఇల్లు నేలమట్టమై యుండెను. పెరటి మెరకకు జాడ కూడ లేదు. పశువులన్నియు ఉన్నందున పాడి నిలిచెను. నాగులుతో కలిసి ఊరివారు మొగలిపొదలు కొట్టి దారి తీసిరి. పేరంటాలమ్మ మరుసటి యేటి నుండి మట్టికుండ తన నెత్తిననే పెట్టుకొని, నాగులు వెనుక నడిచి నోము నోచుకొనెను. అంతట క్రొత్త కొబ్బరిమొక్కలు కాపునకు వచ్చెను, ఇల్లు లేచెను, మునుపటి సిరి మరలి వచ్చెను.

పండ్రెండేండ్లు గడచెను. ఒక కార్తికమున పేరంటాలమ్మ తన ఇంట వేరొక నోముకథ చెప్పుచుండగా, అచ్చాయమ్మ వాకిట నుండి గాలి మారినదని చెప్పెను. ముసలామె మాట మధ్యలోనే ఆపి, అక్షతలు కొంగున ముడివేసుకొని అందరికంటె ముందు లేచి, "మిగతా కథ మెరక మీద" అనెను. ఆ తుపానున ఇసుకమొగలో ఒక్క ప్రాణమును పోలేదు. ఒక్క దూడయు పోలేదు.

సైకతుడు ఇంతవరకు చెప్పునప్పటికి పర్ణశాల తలుపు ఈశాన్యపు గాలికి టపటప కొట్టుకొనెను. గిరివాసుడు వెంటనే కమండలము చేతబట్టి లేచి, మిగిలినది మెరక మీద చెప్పుడనెను. ఇరువురును తిన్నె ఎక్కిరి. నాలుగు చినుకులు పడి వెలిసిపోయెను, తుపాను రాలేదు. గిరివాసుడు చిన్నబోయి, "ఊరక ఎక్కితిమి గదా" అనెను. సైకతుడు ఆయన భుజము తట్టి, "ఊరక ఎక్కిన ప్రతిసారియు నోమే మునీ. అది ఏనాడు ఊరక కాదో క్రింద కూర్చున్నవానికి తెలియదు. నీకు ఫలము దక్కినది" అని దీవించెను.

ఈ నోమును సముద్రపు దాపున నుండువారు, ఏటిగట్టున నుండువారు, పల్లపు చేలవారు, పడవలవారు, పశువులవారు, చూలాండ్రు, పసిబిడ్డల తల్లులు, ముసలివారిని కాచుకొనువారు తప్పక నోచవలెను. నోచినవారి పాడి పోదు, సంతతి నిలుచును, దూరమేగినవారు తిరిగివచ్చి తమవారిని చూచుకొందురు. లేనివారు కుండ లేదని మానరాదు, కలవారు వెండి కలదని మార్చరాదు. ఏ కథ నడుమనైన లేచినవారికి దోషమందురు. మెరకతల్లి బిడ్డలకు, గాలి మారినను లేవకుండుటయే దోషము.

ఇక కథ కడపటి మాట కూర్చుండి వినరాదు. లేవుడు. అక్షతలు తలపై చల్లుకొని, కుండనీరు తలా ఒక గుక్కెడు త్రాగుడు. ఇంటికి పోయిన వెంటనే, కాళ్లు కడుగుకొనకముందే, పశువుల ముడులు జారుముడులో కావో చూచుకొనుడు.